చిన్న కుక్రీ అంటే పెద్దదాన్ని కుదించడం కాదు

సంపాదకులకు నమస్కారం.

బత్తాయి తోటల్లో ఎండు కొమ్మలు కొట్టడానికి, చేను గట్ల మీద సర్కారు తుమ్మ నరకడానికి, గుట్టలెక్కేటప్పుడు నడుముకు కట్టుకోవడానికి చిన్న కుక్రీ (నేపాలీల వంపు కత్తి) చేయించుకుంటామని మన దక్షిణ తెలంగాణ కొలిముల దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. మంచి ఆలోచనే. అయితే ఫోన్‌లో పెద్ద కుక్రీ ఫొటో చూపించి ‘‘ఇట్లనే, కొంచెం చిన్నగ’’ అని చెప్పి వెళ్లిపోతున్నారు. పని చెడేది అక్కడే.

నేపాల్లో ఇంటి పనులకు వాడే కుక్రీ అలుగు, అంటే పిడి పోను మిగిలిన కోసే భాగం, సాధారణంగా 10 నుంచి 12 అంగుళాలుంటుంది. 12 అంగుళాల అలుగును అదే పాళ్లలో 8 అంగుళాలకు దించితే పొడవుతో పాటు వెడల్పూ, మందమూ కూడా మూడింట రెండు వంతులకు తగ్గుతాయి. మూడూ ఒకేసారి తగ్గేసరికి 500 గ్రాముల అలుగు 150 గ్రాములకు పడిపోతుంది. దాంతో ఉల్లిగడ్డ కోయొచ్చు గానీ తుమ్మ కొమ్మ తెగదు. అందుకే పొడవు తగ్గించండి, వెన్ను, అంటే కోసే అంచుకు ఎదుటి మొద్దు అంచు, మందం మాత్రం తగ్గించకండి. పిడి దగ్గర వెన్ను 7 మిల్లీమీటర్లుండాలి, మొనకు మూడంగుళాల ముందు దాకా 6కు తగ్గకూడదు, ఆ తర్వాతే సన్నబడాలి.

వెడల్పు ఎంతన్నది మన ఇష్టం మీదే ఆధారపడి లేదు. ఆయుధ నిబంధనల ఐదో తరగతి జాబితాలో కుక్రీ పేరు పెట్టి మరీ ఉంది. అలుగు 9 అంగుళాల కన్నా పొడవైనా, 2 అంగుళాల కన్నా వెడల్పైనా ఆ జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉన్నా, దారిలో ఆపినప్పుడు దాని గురించి వాదించే అవసరం రాకుండా కొలతలు వేసుకోవడమే మేలు. పొడవు 8 అంగుళాలు, అలుగు బాగా వెడల్పయ్యే పొట్ట దగ్గర వెడల్పు ఒకటిముప్పావు అంగుళం, పిడి వైపు సన్నబడే నడుము దగ్గర ఒకటింపావు సరిపోతాయి. ఇంకో సంగతి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి ఈ కొలతల కత్తి కూడా పట్టుకెళ్లొద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘ఆయుధం’ అన్న మాటలో కత్తి కూడా ఉంది. అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి పోవడం నేరం. ఆ అడవిలోని ఫరహాబాద్ వైపు పోయేవాళ్లు దాన్ని ఇంట్లోనే పెట్టి వెళ్లాలి.

వంపు కొలత కాగితం మీద తేలదు. ముందు ప్లైవుడ్ ముక్క మీద అసలు సైజులో గీసి, కోసి, చేత్తో పట్టుకుని చూడాలి. పిడి నుంచి మూడంగుళాల దగ్గర కిందికి 15 నుంచి 20 డిగ్రీల వంపు చాలు. పెద్దదానికి నప్పే లోతైన వంపు పొట్టి అలుగుకు పెడితే మొన మరీ కిందికి దిగిపోతుంది, గూటం చెక్కడం లాంటి పనులకు అక్కరకు రాదు. పొట్ట ఎత్తంతా పిడి నుంచి ఐదంగుళాల దగ్గర రావాలి. అంతా అయ్యాక కత్తి 400 గ్రాములకు అటూ ఇటూగా తూగి, పిడి ముందు ఒకటిన్నర అంగుళం దాటాక వేలు మీద నిలబడితే లెక్క కుదిరినట్టే.

ఇనుముకు జడ్చర్ల, నకిరేకల్ లాంటి హైవే ఊళ్లలో కమాన్ పట్టాలు (బండి కింద బరువు మోసే స్ప్రింగు పట్టీలు) మార్చే షెడ్లున్నాయి. నేపాల్ కమ్మరులు కూడా ఎక్కువగా వాడేది బండి కమాన్ పట్టానే. లారీ పట్టా మందంగా ఉంటుంది, సాగగొట్టడానికి శ్రమ ఎక్కువ. చిన్న బండ్ల 8 మిల్లీమీటర్ల పట్టా దొరికితే సగం పని తప్పుతుంది. విరిగిన పట్టా మాత్రం తీసుకోవద్దు, దానిలో కంటికి కనబడని పగుళ్లుంటాయి. బాగున్నట్టున్న పట్టాను కూడా తుప్పు గీకి, కిరోసిన్ పూసి, పావుగంట ఆగి శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లి చూడండి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నని గీతగా బయటపడుతుంది. నడిమి బోల్టు బెజ్జం చుట్టూ తప్పకుండా చూడాలి.

ఇక పదను, అంటే అలుగును కాల్చి చల్లార్చి గట్టిపరచడం. ఎక్కువ కత్తులు పాడయ్యేది ఇక్కడే. కొడవళ్లు, పారలు చేసిన అలవాటుతో ఎర్రగా కాలిన అలుగును మొత్తంగా నీళ్ల తొట్టిలో ముంచుతారు. మెత్తని ఇనుముకు అది నడుస్తుంది. కమాన్ పట్టాలో కార్బన్ ఎక్కువ, నీళ్లలో ఒక్కసారిగా చల్లారితే చీలుతుంది. తొట్టిలోంచి ‘టింగ్’మని సన్నగా వినబడిందంటే ఆ కత్తి అయిపోయినట్టే, పైకి ఎంత బాగున్నా పక్కన పెట్టేయాలి. నేపాల్ కమ్మరి నీళ్లే వాడతాడు గానీ ముంచడు. కెటిల్ కొమ్ములోంచి వాదర (కోసే అంచు) పొడవునా సన్నధారగా పోస్తాడు. వాదర గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగిలి దెబ్బను తట్టుకుంటుంది. ఆ చెయ్యి తిరగడానికి ఏళ్లు పడతాయి. మన దగ్గర నూనె మేలు. పల్లినూనెను చెయ్యి పెట్టలేనంత వేడి, అంటే 50–60 డిగ్రీలు చేసి, అందులో వాదర వైపు ముందుగా దించాలి. దించే ముందు అలుగుకు అయస్కాంతం పెట్టి చూడండి. అది అంటుకోకుండా పోయాక ఇంకాస్త కాలనిస్తే వేడి సరిపోతుంది. తెల్లగా మెరిసి నిప్పురవ్వలు రాలే దాకా కాల్చితే ఇనుము మాడిపోయినట్టే, తిరిగి బాగుపడదు.

చల్లారిన వాదర మీద ఆకురాయి జారిపోవాలి. గీసుకుంటే పదను ఎక్కలేదు. జారితే సంతోషమే గానీ ఆ స్థితిలో కత్తి గాజులా పెళుసు, కిందపడితే ముక్కలవుతుంది. అదే రోజు 200–220 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటల చొప్పున రెండుసార్లు కాచాలి. ఓవెన్ లేకపోతే ఒక పక్క మెరిసేలా రుద్ది, బాగా కాలిన ఇనుప దిమ్మె మీద వెన్ను ఆనించి రంగు చూస్తూ ఉండాలి. వెన్ను నీలం తిరిగి, వాదర ఎండుగడ్డి రంగుకు రాగానే తీసేయాలి. వాదర కూడా నీలమైతే మెత్తబడిపోయింది, మళ్లీ మొదటికి రావాల్సిందే.

పిడి ముందుండే చిన్న గంటును నేపాల్లో కౌడీ అంటారు. అందం కోసం మూలలు కోసుగా కోయిస్తారు. సన్నని నడుములో కోసు మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. గుండ్రని ఆకురాయితో, పదను పెట్టకముందే, మూలలు లేకుండా తీయించండి. వద్దనుకుంటే మానేయొచ్చు, కోతకు ఏ లోటూ రాదు.

పిడికి అలుగుతో ఒకే ముక్కగా వచ్చిన తోక (చెక్కల నడుమ ఇమిడే ఇనుప పట్టీ), రెండు పక్కలా ఏడాది ఆరిన నల్లతుమ్మ చెక్క, మూడు 5 మిల్లీమీటర్ల ఇత్తడి రివెట్లు చాలు. రివెట్ల బెజ్జాలు కూడా పదనుకు ముందే వేయాలి. పచ్చి చెక్క పెడితే మన ఎండలకు కుంచించుకుపోయి రివెట్లు బయటికి పొడుచుకొస్తాయి. పాత కుక్రీ పిడి నడుమ ఉంగరంలా ఉబ్బి ఉండే కట్టు చేతికి బొబ్బలు తెప్పిస్తుంది, తీసేయండి. చివర మాత్రం ఉబ్బు ఉండాలి, చెమట చేతిలోంచి జారకుండా.

ఒరలోంచి తీసేటప్పుడు వేళ్లు ఒర వెన్ను వైపే ఉండాలి. వంపు అలుగు బయటికి వస్తూ వాదర వైపు కుట్టును ఒరుసుకుంటుంది, కుట్టు తెగిన రోజు అక్కడున్న వేళ్లూ తెగుతాయి. పని అయ్యాక తుడిచి నూనె రాసి విడిగా పెట్టండి, తోలు ఒరలో నెలల తరబడి ఉంచితే తుప్పు పడుతుంది.

ఈ కొలతలను మీ జిల్లా పేజీలో అచ్చువేస్తే ఫోన్ ఫొటో బదులు ఆ ముక్క కత్తిరించి కమ్మరి చేతికి ఇవ్వొచ్చు.

– కొందరు పాఠకులు, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా