అది రక్తం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో విదేశీ భోజనాల గురించి వచ్చిన వ్యాసంలో ఒక వాక్యం చదివాక రెండు రోజులు మనసు కుదుటపడలేదు. అమెరికాలో స్టేక్‌హౌస్ (మందంగా కోసిన ఆవుమాంసం ముక్కను, అంటే స్టేక్‌ను, కాల్చి పెట్టే హోటల్) అంటే ‘రక్తం కారే పచ్చిమాంసం కోసుకుని తినే చోటు’ అనీ, పిల్లల దగ్గరకు వెళ్లే పెద్దవాళ్లు ఆ గుమ్మం తొక్కకపోవడమే మంచిదనీ రాశారు. నేను ముప్పై నాలుగేళ్లు పశుసంవర్ధక శాఖలో పనిచేశాను. అందులో ఆరేళ్లు తెల్లవారుజామునే కబేళాకు వెళ్లి, కోసిన ప్రతి జీవానిదీ కాలేయం, ఊపిరితిత్తులు చూసి ముద్ర వేయించిన వాణ్ణి. ఆ ప్లేటులో కనబడే ఎర్రటి నీరు రక్తం కాదండీ. ఈ ఒక్క మాట చెప్పడానికే ఉత్తరం మొదలుపెట్టాను. కాస్త పొడుగైతే మన్నించండి.

జీవాన్ని కోసినప్పుడే రక్తం దాదాపుగా కారిపోతుంది. కండలో మిగిలే ఎరుపు మయోగ్లోబిన్ అనే మాంసకృత్తుది. కండకు కావలసిన ప్రాణవాయువును పట్టి ఉంచడం దాని పని. మాంసంలో నీరు ఎలాగూ ఎక్కువ కాబట్టి, కోయగానే ఆ నీటితో కలిసి బయటికి వస్తుంది. వేడి పెరిగేకొద్దీ దాని రంగు ఎరుపు నుంచి లేత గులాబీకి, ఆపైన గోధుమరంగుకు మారుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ గొర్రె, ఆవు మాంసం ముక్కల్ని లోపల 63 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించి, మూడు నిమిషాలు ఆగి తినమంటుంది. కైమా అయితే 71 డిగ్రీలు. సూక్ష్మజీవులు ముక్క పైభాగంలో ఉంటాయి, పైన బాగా కాలితే పోతాయి. కైమా కొట్టినప్పుడు పైది లోపలికి వెళ్లిపోతుంది, అందుకే ఎక్కువ వేడి. మీ వ్యాసకర్తకు ఎవరైనా పశువైద్యుడు ఒక్క ఫోనులో చెప్పగలిగిన సంగతే ఇది.

ఇక నేను చూసిన చోటు గురించి చెబుతాను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. మేం ఎప్పుడు వెళ్లినా ఇండియన్ హోటల్‌కే తీసుకెళ్లేది. “మీకు పడదేమో నాన్నా” అన్నది దాని భయం. నా డెబ్బయ్యో పుట్టినరోజుకి ఏం కావాలని అడిగితే, “పాతకాలపు స్టేక్‌హౌస్ ఒకటి చూపించమ్మా” అన్నాను. మాంసం బాగోగులు చూస్తూ ఉద్యోగం చేసిన వాడికి, మాంసం మీదే పేరు తెచ్చుకున్న చోటు చూడాలని ఉండదా? మా ఆవిడ మాత్రం “రక్తం చూస్తూ నేను ముద్ద దింపలేను” అని ముందే చెప్పేసింది. పైగా ఆ రోజు శనివారం, తను నీచు ముట్టదు.

రైల్లో న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లాం. 36వ వీధిలో ఉన్న కీన్స్ అనే ఆ భోజనశాలను 1885లో ఆల్బర్ట్ కీన్ అనే ఆయన పెట్టారు. అప్పట్లో ఆ పేటంతా నాటకశాలలు. లోపలికి వెళ్లగానే నేను ముందు చూసింది పైకప్పుని. మూరెడు పొడుగు కాడలున్న మట్టి పైపులు, మన చిలుములకు అన్నదమ్ముల్లాంటివి, వేలకు వేలు వరుసలుగా కట్టి ఉన్నాయి. మట్టివి కదా, ప్రయాణంలో విరిగిపోతాయని వెనకటికి ఇంగ్లండులో బాటసారులు వాటిని సత్రంలోనే వదిలి వెళ్లేవారట. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. ప్రతి పైపుకీ నంబరుంటుంది, ఎవరిదో రిజిస్టరులో రాసి ఉంటుంది. ఆ జాబితాలో 90,000 పైచిలుకు పేర్లున్నాయి. ఐన్‌స్టీన్, థియోడర్ రూజ్‌వెల్ట్, బేస్‌బాల్ ఆడిన బేబ్ రూత్ అందరూ అందులో ఉన్నారు. గాలికుంటు టీకాల రిజిస్టర్లు ఏళ్ల తరబడి నింపి, నేను రిటైరయ్యాక అవి వరండాలో చెదలు పట్టడం కళ్లారా చూసిన వాణ్ణి. ఆ పైకప్పు కింద తల పైకెత్తి చాలాసేపు నిలబడిపోయాను. 1970లలో ఈ హోటలూ మూతబడిందట. ఒక డాక్టరుగారూ, ఆయన భార్య అయిన చిత్రకారిణి కికి కోగెల్నిక్ దాన్ని కొని బాగుచేయించి మళ్లీ తెరిచారు.

మా ఆవిడకు అమ్మాయి ఇంకో కథ చెప్పింది. మొదట్లో అక్కడ ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. లిలీ లాంగ్‌ట్రీ అనే నాటక నటి భోజనానికి వస్తే పెట్టలేదట. ఆమె 1905లో కోర్టుకెక్కి గెలిచింది. ఇప్పుడు అందులో ఒక గదికి ఆమె పేరే పెట్టారు. మా ఆవిడ అది విన్న తర్వాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని కూర్చుంది.

ఆ ఇంటి ప్రధాన వంట ఆవుమాంసం, దాచడమెందుకు. ఒంగోలు ఆవులకు కాన్పులు చేసిన చేతులు నావి. నేను తినలేదు, తినను. అల్లుడు తనకోసం స్టేక్ చెప్పుకోవాలా వద్దా అని తటపటాయిస్తుంటే, “నా కోసం మానకు బాబూ, నీ ఇష్టం నీది” అన్నాను. మీ వ్యాసంలో రాయని సంగతి ఒకటుంది. ఆ ఇంటికి పేరు తెచ్చింది మటన్ చాప్, అంటే ఎముకతో సహా మందంగా కోసి కాల్చిన గొర్రె మాంసం ముక్క. 1935 నాటికే అలాంటివి పది లక్షలు వడ్డించామని వాళ్లు పండగ చేసుకున్నారు.

వడ్డించడానికి వచ్చినాయన పెద్దవయసువాడు. ఇలాంటిచోట్ల నా బదులు పిల్లలే మాట్లాడేస్తారు. ఎదుటివాళ్లూ పిల్లల మొహమే చూస్తారు. ఆయన అలా కాదు, నా వైపు తిరిగి, ఎంతవరకు కాల్చమంటారని నన్నే అడిగాడు. నా ఇంగ్లీషు నెమ్మది. ఆయన తొందరపెట్టలేదు. లోపల గులాబీరంగు ఉండాలి, ఎరుపు వద్దు అన్నాను. “మీడియం” అని రాసుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న నన్నే అడిగినందుకు ఆయన్ని నేను మర్చిపోలేను.

ముందు ఐసు మీద క్యారెట్, సెలెరీ ముక్కలు, ఆలివ్‌లు పెట్టారు. తర్వాత చాప్ వచ్చింది. జీను వేసే చోట వీపును అడ్డంగా కోసిన ముక్క అది. మధ్యలో వెన్నెముక, రెండు వైపులా రెండు నడుం కండలు, కిందికి వంగిన డొక్కల చివర్లు. మందం నా నాలుగు వేళ్లంత. అంచున కొవ్వు కాలి కరకరమంటోంది. కత్తి దింపగానే లేత ఎరుపు నీరు ప్లేటు వాలు వైపు సాగింది. “చూడు, ఇదీ సంగతి” అని మా ఆవిడకు మయోగ్లోబిన్ గురించి అక్కడే చెప్పాను. మా ఆవిడ ఏమీ అనలేదు. కానీ మొహం తిప్పుకోకుండా తన పాలకూర, కాల్చిన బంగాళాదుంప తింది. అక్కడ పాలకూరను మీగడతో వండుతారు, తనకి బాగా నచ్చింది.

మాంసంలో ఉప్పు, మిరియాలు తప్ప మరేమీ తగల్లేదు. మొదటి రెండు ముక్కలకు కారం కోసం నాలుక వెతుక్కుంది. మూడో ముక్కకు గొర్రె రుచి తెలిసింది. పేరుకు మటన్ అన్నారు గానీ, నా పంటికి అది ముదురు పొట్టేలు అనిపించలేదు. రెండు పళ్లు కూడా వేయని గొర్రె అయి ఉంటుంది. మన దగ్గర మటన్ అంటే మేకా కావచ్చు, గొర్రే కావచ్చు. వాళ్లకి మేక లెక్కలో లేదు, ఏడాది లోపుది లాంబ్, బాగా ముదిరింది మటన్. మన నెల్లూరు జోడిపి, పల్ల గొర్రెలకు ఒంటిమీద ఉన్ని ఉండదు. అక్కడివి ఉన్ని గొర్రెలు, కొవ్వులో ఆ వాసన కొంచెం ఎక్కువ. పక్కన పెట్టిన పుదీనా జెల్లీ ఎందుకో అప్పుడు అర్థమైంది.

మన వంటకీ దానికీ తేడా మసాలాతో మొదలవదు, కోతతోనే మొదలవుతుంది. మనం తెల్లవారి కోసింది తొమ్మిదింటికి పొయ్యి మీద పెడతాం. ప్రాణం పోయిన కొన్ని గంటలకే కండ బిగుసుకుంటుంది. సరిగ్గా ఆ బిగువులో ఉన్నప్పుడే మనం వండుతున్నాం, అందుకే కుక్కరు కూతలు, పచ్చిబొప్పాయి ముక్క. ఈ పాత స్టేక్‌హౌస్‌లలో ఆవుమాంసాన్ని సున్నా డిగ్రీలకు కాస్త పైన చల్లగదిలో మూడు నాలుగు వారాలు ఆరబెడతారు. కండలో ఉండే ఎంజైములే నారను మెత్తబరుస్తాయి. పైన ఎండిన పొరను చెక్కి పారేస్తారు. నీరూ పొరా పోయి తూకం తగ్గుతుంది, అందుకే అంత ధర. దీన్ని చదువుకునే రోజుల్లో పరీక్షలో రాశాను, పళ్లెంలో చూడటం మాత్రం డెబ్బై ఏళ్లకు కుదిరింది. మన పద్ధతి తప్పని నేను అనను. మా అమ్మ గోంగూర వేసి వండిన మాంసం ముందు ఏ చాప్ అయినా ఒక మెట్టు కిందే. కానీ వాళ్ల పద్ధతిని పచ్చిమాంసం అనడం అన్యాయం.

మీరు రాసిన ఆ మాట చదివి, పోయిన వారం మా వీధిలో ఒకాయన కొడుకుతో ఫోనులో “అలాంటి చోట్లకి మమ్మల్ని తీసుకెళ్లకురా” అని చెప్పడం నా చెవులతో విన్నాను. వచ్చే నెల ఆయన ప్రయాణం. తినడం, తినకపోవడం ఆయన ఇష్టం. కానీ లేని రక్తానికి భయపడి మానుకోకూడదు. అందుకే వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే చోట, సవరణ వేయమని కోరుతున్నాను. నా ఉత్తరం పొడుగని కత్తిరించినా ఫరవాలేదు, మయోగ్లోబిన్ గురించి రాసిన పేరా మాత్రం ఉంచండి.

చాప్‌లో సగం నేను తినలేకపోయాను. ఆ పెద్దాయనే డబ్బాలో సర్ది ఇచ్చాడు. మర్నాడు ఆదివారం. మా ఆవిడ ఆ ఎముకను ఉల్లిపాయ, మిరియాలు, ధనియాలు వేసి చారు కాచడానికి గిన్నెలో వేసింది. డబ్బా అడుగున చెంచాడు ఎర్రటి నీరు నిలిచి ఉంది. పారబోస్తుందనుకున్నాను. డబ్బా వంచి, అది కూడా గిన్నెలోనే పోసింది.

ఇట్లు,
విశ్రాంత పశువైద్యాధికారి,
చీరాల