ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కాలి

సంపాదకులకు,

చిన్న పట్టణాల్లో ఎస్సై మొదలు హోంగార్డు వరకు అందరూ జనానికి ముఖపరిచయం ఉన్నవారే. జాతరలు, నిమజ్జనాలు గొడవల్లేకుండా సాగడానికి ఆ పరిచయం ఎంతో తోడ్పడుతుంది. అయితే మోటారు సైకిలు పోయిందనో, భర్త కొట్టాడనో స్టేషన్‌కు వెళ్లినవారిని ‘ముందు పెద్దమనుషుల దగ్గర మాట్లాడుకోండి’ అని పంపించివేయడం కూడా ఆ చనువులోనే సాగుతోంది; పలుకుబడి లేని కూలీలకు, ఒంటరి మహిళలకు ఇది న్యాయం నిరాకరించడమే.

శిక్షార్హమైన, పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో స్పష్టం చేసింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ ప్రక్రియ చట్టం ‘భారతీయ నాగరిక్ సురక్షా సంహిత’ 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి, నిరాకరిస్తే బాధితులు జిల్లా ఎస్పీకి రాయవచ్చు. దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా తెలియజేయాలని కూడా అదే చట్టం చెబుతోంది.

సిబ్బంది కొరత, బందోబస్తు భారం నిజమే, వాటిని ప్రభుత్వం తీర్చాలి. ఈ హక్కులను తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి స్టేషన్ గుమ్మం దగ్గర రాయించాలనీ, వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ రసీదు ఇప్పించాలనీ, నెలకోసారి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వార్డు ప్రజలతో బహిరంగంగా సమావేశం కావాలనీ జిల్లా ఎస్పీలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు