గొడుగు గురించి కాదు, 41 డిగ్రీల గురించి

ఒరేయ్ లెక్కల మాస్టారూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, కానీ మొత్తం చదివాక తిట్టు. ఇక్కడ అందరం బాగున్నాం, నా మోకాలి నొప్పి తగ్గింది, నీ గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, ఇవ్వను. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మిగిలిన భోజనాలు చేరవేసే యాప్‌లో చేరానన్నాను కదా. మిగిలినచోట ఎవరో ఒకరు బటన్ నొక్కుతారు, దగ్గర్లో ఉన్న మా ఫోన్లు టింగుమంటాయి, వెళ్ళి తెచ్చి అవసరమైనవాళ్ళకి ఇస్తాం. మొన్న శనివారం టింగుమంది. ఓ పెద్ద ఆఫీసు క్యాంటీన్. మీటింగుకి సగంమంది రాలేదట, ఎనభై మందికి సరిపడా మిగిలిందట. ఎనభై! నాకు పూనకమే. వెంటనే షెల్టర్‌కి ఫోన్ చేసి "రాత్రికి వంట పెట్టకండి" అనేశాను. బుద్ధి లేని పని అదే.

వెళ్ళేసరికి నాలుగున్నర. మూత తీస్తే వాసన బాగానే ఉంది, ఆవిరి మాత్రం లేదు. థర్మామీటర్ గిన్నె నడిమధ్యకి గుచ్చితే 41 డిగ్రీలు. ఎప్పుడు వండారంటే పన్నెండింటికి. బటన్ నొక్కింది నాలుగింటికి! ఎవరు నొక్కాలో తేలక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. వండినది 60 డిగ్రీలు దాటి వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి, రెండు గంటలకు మించి బయట వదలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. మళ్ళీ మరిగిద్దామన్నాడు అక్కడి కుర్రాడు. కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం మరిగించినా పోదురా.

"ఏం కాదు, నేను తింటా చూడండి" అన్నాడు వంటాయన. మా ఇంట్లో అయితే నేనూ తినేవాణ్ణేమో. కానీ ఇంకొకరికి, అందులోనూ పిల్లలకి...

పారబోశాం. నా చేత్తోనే. ఆ చప్పుడు... వద్దులే. తర్వాత షెల్టర్‌కి ఫోన్ చేశాను. అక్కడి మేడమ్ ఒక్క మాట అనలేదు. "సరే బాబూ, పొయ్యి వెలిగిస్తాం" అంది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టక నీలాగా అంకెలు ముందేసుకుని కూర్చున్నా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన లెక్క: 2022లో ప్రపంచం పారేసింది 105 కోట్ల టన్నులు. హోటళ్ళు, క్యాంటీన్ల వాటా 28 శాతం. ఇళ్ళ వాటా? 60 శాతం! క్యాంటీన్ వాళ్ళని తిట్టుకుంటూ మంచినీళ్ళకని ఫ్రిజ్ తెరిస్తే వెనకమూల ఆకుకూర కట్ట నల్లబడి నీరు కారుతోంది. మెల్లగా మూసేశాను. మీ ఆవిడకి చెప్పకు, మా ఆవిడకి చేరిపోతుంది.

సోమవారం మళ్ళీ క్యాంటీన్‌కి వెళ్ళాను, గొడవ పెట్టుకోవడానికే. వంటాయన నన్ను వెనక్కి తీసుకెళ్ళాడు. చెత్త డ్రమ్ము కింద కాటా! గోడ మీద సుద్దతో ఏ పూట ఏది మిగిలింది, ఎన్ని కిలోలు. "శనివారం డ్రమ్ము ఎత్తలేకపోయాను సార్, అప్పుడు తట్టింది" అన్నాడు. ఇకమీదట వచ్చేవాళ్ళ లెక్క పొద్దున్నే తీసుకుని విడతలుగా వండుతాడట. మిగులుతుందనిపిస్తే బటన్ నొక్కేది ఆయనే. పెద్ద గిన్నెలో నడిమి భాగం గంటలు గడిచినా చల్లారదు కదా, అందుకని వెడల్పాటి ట్రేలలో పలచగా సర్ది ఫ్రిజ్‌లో పెట్టి మరీ పిలుస్తాడట. "మీకు పని తగ్గిపోతుందేమో" అని నవ్వాడు. గొడవ పెట్టుకోవడం మర్చిపోయి టీ తాగొచ్చాను.

అయితే షెల్టర్‌కి రోజూ కావాలిగా, మనకి మిగిలినప్పుడు కాదు. మేడమ్ నాకంటే తెలివైంది. చుట్టుపక్కల రైతులతో ఒక గ్రూపు పెట్టింది. వంకరగా ఉన్నాయని కొనేవాళ్ళు వదిలేసిన కూరగాయలు, మరీ పండిపోయిన టమాటాలు, కోతరోజే ఫొటో పెడతారు, తెల్లారేసరికి మేం తెస్తాం. పచ్చివి కాబట్టి ఆ రెండు గంటల టెన్షన్ లేదు. దాచడానికి రెండు వరసల ఇటుక గోడ కట్టి, మధ్యలో ఇసుక పోసి తడుపుతూ ఉంటే కరెంటు లేకుండానే లోపల చల్లగా ఉంటుంది. గాలిలో తేమ తక్కువున్నప్పుడే బాగా పనిచేస్తుంది, అదొక్కటే చిక్కు. ఎన్ని ఇటుకలు కావాలో నీకు ఫోన్ చేసి లెక్క కట్టించుకోవాల్సింది, నేనే కట్టాను, అందుకే కచ్చితంగా

ఇటుకల బండి వచ్చేసింది, హారన్ మీద హారన్. మిగతాది రాత్రికి

నీ గొడుగు దొంగ