కొత్త సొరోరిటీ పెడుతున్న మా అమ్మాయికి

చిట్టీ,

నువ్వు పంపిన నియమావళి చిత్తుప్రతి చదివాను. డబ్బుల పేజీ ఒక్కటి చూసిపెట్టమన్నావు గానీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఇది ఫోన్లో తేలే విషయం కాదు. మనబడి తెలుగు క్లాసుల్లో నేర్చుకున్న తెలుగు నీకింకా బాగానే ఉంది కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నాన్న కూడా చదివారు. సొరోరిటీ, అంటే ఇక్కడ అమెరికా కాలేజీల్లో అమ్మాయిలు పెట్టుకునే సంఘం, అనగానే ఆయనకి ముందు టెన్షన్ పట్టుకుంది. కలిసి చదువుకునే సాయంత్రాలు, ఫస్టియర్ పిల్లలకి తోడుగా ఉండటం, రాత్రిపూట లైబ్రరీ నుంచి హాస్టల్‌కి జంటగా నడిచి రావడం, ఇవన్నీ మీ కాగితాల్లో చూశాక కాస్త తేలికపడ్డారు.

ముందు సూటిగా ఒక మాట. పెట్టండి. సొరోరిటీలు కొత్తవాళ్ళని ఎంచుకునే రష్ వారంలో గది గదికీ తిరిగి వచ్చాక, అందరూ బాగానే మాట్లాడారు గానీ అక్కడ నాలాంటి వాళ్ళు ఎవరూ లేరమ్మా అన్నావు. అలాంటప్పుడు గదిలో ముడుచుకుని కూర్చోకుండా ఎనిమిది మంది కలిసి సొంతంగా ఒకటి మొదలుపెడదామనుకోవడం నాకు చాలా నచ్చింది. నా భయమల్లా ఒక్కటే. చోటు దొరకనివాళ్ళు కట్టుకున్న ఇంట్లో రేపు ఇంకొకరికి చోటు లేకుండా పోకూడదు. ఎవరు లోపలికి రావచ్చు, రావడానికి వాళ్ళ దగ్గర ఏం అడుగుతారు, వద్దనుకుంటే ఎంత సులువుగా వెళ్ళిపోవచ్చు, ఇవి మీరు ఎనిమిది మంది స్నేహితులుగా ఉన్న ఈ నెలలోనే రాసుకోవాలి. ముప్ఫై మంది అయ్యాక ఎవరూ రాయనివ్వరు.

ఇది జరిగే పనేనా అని నీకు అప్పుడప్పుడు అనిపిస్తోందని చెప్పావు. నువ్వున్న ఇల్లినాయ్‌లోనే, మాన్మత్ కాలేజీలో, 1867లో పన్నెండు మంది అమ్మాయిలు మొదలుపెట్టారు. అందులో ఇద్దరు అద్దెకుంటున్న మేడ మీద గదిలో కూర్చుని సంఘం పెట్టుకున్నారు. అదే ఈ రోజు పై బీటా ఫై. మూడేళ్ళ తర్వాత పక్కనే ఇండియానాలో బెట్టీ లాక్ అనే అమ్మాయికి ఫ్రాటర్నిటీ, అంటే అబ్బాయిల సంఘం, వాళ్ళు తమ బ్యాడ్జి పెట్టుకోమన్నారు, సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. ఆ అమ్మాయి బ్యాడ్జి వద్దని మరో ముగ్గురిని కలుపుకుని 1870లో కాపా ఆల్ఫా తీటా పెట్టింది. మొదటి రోజున ఇవన్నీ మీలాంటి లోకల్ సొరోరిటీలే. వెనక ఏ జాతీయ సంస్థా లేదు, పెద్ద భవనమూ లేదు.

ఆ తర్వాత కథ కూడా తెలుసుకోవాలి. అలా తలుపులు మూసేస్తే బయట నిలబడినవాళ్ళు పెట్టుకున్న సంఘాల్లో చాలావాటిలోకి, ఇరవయ్యో శతాబ్దం సగం దాటేదాకా నల్లజాతి అమ్మాయిలకీ యూదు అమ్మాయిలకీ ప్రవేశం లేదు. అలబామా యూనివర్సిటీలో అయితే 2013లో విద్యార్థుల పత్రిక బయటపెట్టి గొడవయ్యేదాకా ఆ పాత సొరోరిటీల్లో నల్లజాతి పిల్లలు దాదాపు కనిపించేవాళ్ళే కాదు. అందుకే నల్లజాతి అమ్మాయిలు ఎప్పుడో తమ దారి తాము చూసుకున్నారు. 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కాపా ఆల్ఫా పుట్టింది. కమలా హారిస్ అందులోనే చేరింది, వాళ్ళమ్మ చెన్నై నుంచి వచ్చినావిడ. 1913 జనవరిలో హోవర్డ్‌లోనే ఇరవై ఇద్దరు అమ్మాయిలు డెల్టా సిగ్మా తీటా పెట్టి, మార్చి నెలలో వాషింగ్టన్‌లో ఆడవాళ్ళ ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. సంఘం పెట్టి రెండు నెలలు కూడా కాలేదు చూడు! లాస్ ఏంజెలెస్‌లో జపనీస్ అమెరికన్ అమ్మాయిలు 1920ల చివర్లో చై ఆల్ఫా డెల్టా పెట్టుకుంటే, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి, ప్రభుత్వం వాళ్ళ కుటుంబాలను క్యాంపుల్లో నిర్బంధించింది. సంఘం ఆగిపోయింది. యుద్ధం అయ్యాక పాత సభ్యులే మళ్ళీ నిలబెట్టారు. మన దేశపు పిల్లలు 1998లో ఒకే ఏడాది హ్యూస్టన్‌లో ఒకటి, ఆస్టిన్‌లో ఒకటి మొదలుపెట్టారు. డెల్టా ఫై ఒమేగా, కాపా ఫై గామా. ఆ రెంటిలో ఒకదాని శాఖ తెచ్చుకోకుండా కొత్తది ఎందుకని నాన్న అడిగారు. మీలో నేపాలీ అమ్మాయి, కెన్యా అమ్మాయి, మెక్సికన్ అమ్మాయిలు కూడా ఉన్నారు, అందరిదీ కావాలంటే కొత్తదే పెట్టాలి అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

ఇక మన సంగతి. మీ ఎనిమిది మందిలో ముగ్గురు తెలుగు పిల్లలు. రేపు సభ్యులు పెరిగితే తెలుగువాళ్ళు ఇంకా వస్తారు. ఇక్కడ మన పెద్దవాళ్ళ సంఘాలు ఎందుకు చీలాయో నీకు చిన్నప్పుడే అర్థమైంది. ఎవరింట్లోనైనా పార్టీకి వెళ్తే ప్లేటు చేతిలోకి రాకముందే మీది ఏ ఊరమ్మా అని మొదలుపెడతారు. జిల్లా పేరు చెబితే తృప్తిపడరు. మండలం అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు. అది దొరికాక మాట తీరు మారుతుంది. ఒకసారి నువ్వే అడిగావు, ఆ ఆంటీ మనతో ఎందుకు మాట్లాడటం మానేసిందని. ఆ జబ్బు మీ దాకా రాకూడదు. మీ వివక్ష నిషేధం పేరాలో జాతి, మతం, భాష అన్నీ రాశారు. కులం అనే మాట కూడా చేర్చు. మిగతా పిల్లలకి అర్థం కాకపోతే కూర్చోబెట్టి చెప్పు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ నిబంధనల్లో ఆ మాట చేర్చాయి, కాబట్టి మీ కాలేజీ ఆఫీసువాళ్ళకి ఇది వింతగా ఉండదు.

ఎంపిక ఎలా చేస్తారన్న చోట ‘ఏకగ్రీవంగా’ అని రాశారు. తీసెయ్. ఒక్కరు వద్దంటే ఒక పిల్ల ఆగిపోతుందంటే, ఆ ఒక్కరు కారణం చెప్పక్కర్లేదంటే, పైన రాసిన వివక్ష పేరాకి విలువే లేదు. మూడింట రెండొంతుల మంది సరేనంటే చాలని పెట్టండి. వద్దన్నవాళ్ళు కారణం రాసి ఇవ్వాలని పెట్టండి.

నాకు అన్నిటికన్నా నచ్చనిది ‘కొత్త సభ్యుల నిబద్ధతా పరీక్ష’ అనే పేరా. ఏం పరీక్ష అని రాయలేదు. రాయకుండా వదిలిన చోటే ప్రమాదం మొదలవుతుంది. నేను డిగ్రీలో చేరేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చేసింది, 1997లో. మా హాస్టల్ గేటు దగ్గర పెద్ద బోర్డు కూడా ఉండేది. ఆ బోర్డు వెనకాలే, రాత్రి భోజనాలయ్యాక, సీనియర్లు మా బ్యాచ్ అమ్మాయిని డైనింగ్ హాల్లో స్టూలెక్కించి పాట పాడమన్నారు. గొంతు వణికినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు. నవ్వారు, అంతే. స్టీలు గ్లాసులతో బల్ల మీద తాళం వేశారు. ఆ అమ్మాయి తెల్లారి సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. మంచి తెలివైన పిల్ల. వాళ్ళ ఊళ్ళో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. ఆ సీనియర్లు చెడ్డవాళ్ళు కాదు చిట్టీ. అంతకు ముందు ఏడాది వాళ్ళనీ ఎవరో అదే స్టూలెక్కించారు.

ఇక్కడ దీన్ని హేజింగ్ అంటారు. 2013 డిసెంబరులో న్యూయార్క్ కాలేజీ కుర్రాడొకడు పెన్సిల్వేనియా కొండల్లో చనిపోయాడు. వాడు చేరబోయింది ఆసియా పిల్లలు ఆసియా పిల్లల కోసం నడుపుకునే ఫ్రాటర్నిటీలో. కళ్ళకి గంతలు కట్టి, వీపున బరువు సంచి వేసి, చీకట్లో నడిపించి పడదోశారు. మన ముందు తరాలు ఈ దేశంలో పడ్డ కష్టాలు తెలియాలని ఆ తంతు అట. స్పృహ తప్పితే వెంటనే ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళలేదు. మనవాళ్ళ మధ్యే కదా, మనకేం అవుతుంది అనుకోవద్దని ఇది చెబుతున్నాను. ఇల్లినాయ్‌లో హేజింగ్ నేరం. 2024 డిసెంబరులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం కాలేజీలు కూడా ఈ సంఘటనల లెక్క బయటపెట్టాలి. కానీ నువ్వు చట్టానికి భయపడి మానుకోవాలని కాదు నేననేది. మీ సంఘంలోకి రావడానికి ఏ పిల్లా బాధ పడనక్కర్లేదు. కొంచెం కూడా. నిద్ర మాన్పించడం, ఫోన్ లాక్కోవడం, సీనియర్ల కాఫీలు మోయించడం, ఏదీ వద్దు. కొత్తవాళ్ళ కోసం పెట్టే ప్రతి కార్యక్రమం తేదీ, చోటు, ఏం చేస్తారన్నది ముందే కాగితం మీద ఉండాలి. మీ ఫ్యాకల్టీ అడ్వైజర్ ఏ నిమిషమైనా తలుపు తోసుకుని రావచ్చని రాయండి. దీపం వెలిగించుకోండి, పాట కట్టుకోండి, చేతికి దారం కట్టుకోండి. మీకంటూ ఒక వేడుక ఉండాలి, తప్పకుండా ఉండాలి. సిగ్గుపడేలా చేసేది ఏదీ వేడుక కాదు.

వెళ్ళిపోవడం గురించి మీరేమీ రాయలేదు. ఒక పిల్లకి ఇక ఇష్టం లేకపోతే ఒక్క లైను ఈమెయిల్ చాలు అని రాయండి. ఎందుకని ఎవరూ అడగకూడదు, ఆ సెమిస్టర్‌లో మిగిలిన నెలల చందా లెక్కగట్టి తిరిగి ఇచ్చేయాలి. దానికి నీ స్నేహితులు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

డబ్బుల పేజీ. ఇది మీ అమ్మమ్మ చేతిలో పెట్టాల్సిన పేజీ అసలు. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత ఊరూరా పొదుపు సంఘాలు వచ్చినప్పుడు అమ్మమ్మ రోజుకు రూపాయి లెక్కన కట్టి చేరింది. తర్వాత లీడరైంది. డబ్బుల పెట్టె ఒకరింట్లో, తాళంచెవి ఇంకొకరింట్లో ఉండేవి. సమావేశం మా వసారాలో. ఎవరెంత కట్టారో, ఎవరికెంత అప్పిచ్చారో పుస్తకం రాసే అమ్మాయి పైకి చదివేది, ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. చదవకుండా సంతకం పెట్టమంటే అమ్మమ్మ లేచి నిలబడేది. మీరూ నెలకోసారి లెక్క అందరి ముందూ చదవండి. మీ పద్ధతిలో కోశాధికారి ఒక్కతే కార్డు వాడొచ్చని ఉంది. రెండు సంతకాలు ఉండాలి.

నా ఆఫీసు పని కాబట్టి ఇది చెప్పగలను. బ్యాంకు ఖాతా నీ సోషల్ సెక్యూరిటీ నంబరు మీద తెరవద్దు. సంఘం పేరు మీద పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ దగ్గర ఈఐఎన్, అంటే సంఘానికంటూ ఒక పన్ను నంబరు, తీసుకో, ఆన్‌లైన్లో ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోకు. మీలాంటివి సాధారణంగా పన్ను చట్టంలో 501(సి)(7) కింద, సంఘానికి పన్ను మినహాయింపు ఉండే సోషల్ క్లబ్‌గా నడుస్తాయి. దానికి విరాళమిచ్చినవాళ్ళకి మాత్రం పన్ను మినహాయింపు రాదు, అది దాతలకి ముందే చెప్పాలి. ఏడాదికి మామూలుగా 50,000 డాలర్ల లోపు వసూళ్ళుంటే ఫారం 990-ఎన్ అనే చిన్న రిటర్ను చాలు. పది నిమిషాల పని. కానీ వరసగా మూడేళ్ళు మర్చిపోతే సంఘం మినహాయింపు హోదా దానంతటదే పోతుంది, మీ ఎనిమిది మందీ అప్పటికి గ్రాడ్యుయేట్ అయిపోయి ఉంటారు. అందుకని ఆ తేదీ నియమావళిలోనే రాసిపెట్టు. ఇంకో సంగతి, నియమావళిలో జాతి, రంగు, మతం బట్టి సభ్యుల్ని వద్దనే నిబంధన ఉన్న క్లబ్బుకి ఈ మినహాయింపు వర్తించదు. ఆడపిల్లలకే అని పెట్టుకోవడానికి మాత్రం 1974 నుంచి టైటిల్ నైన్‌లో, అంటే చదువుల్లో ఆడా మగా వివక్ష కూడదనే చట్టంలో, వెసులుబాటు ఉంది.

ఇన్సూరెన్సు సంగతి మీ క్యాంపస్ ఆఫీసులో అడుగు. జాతీయ సంస్థల శాఖలకి పైనుంచి పాలసీ వస్తుంది, మీకు రాదు. అది లేకుండా బయట హాలు బుక్ చేయొద్దు. ఇల్లు అద్దెకు తీసుకోవడం గురించి ఈ ఏడాది ఆలోచనే వద్దు.

చందా సెమిస్టర్‌కి వంద డాలర్లు అని పెట్టారు. అమ్మమ్మతో ఫోన్లో ఇదంతా చెబితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, కట్టలేని పిల్ల ఏం చేస్తుందని. మీ కాగితంలో దానికి సమాధానం లేదు. వాయిదాల్లో కట్టొచ్చని రాయండి. అసలు కట్టలేనంటే కోశాధికారికి ఒక్కదానికే చెప్పుకునే వీలుండాలి, పేరు సమావేశంలో చదవకూడదు. టీషర్టులు, ఫోటో సెషన్లు చందాలో కలపొద్దు, కావలసినవాళ్ళు కొనుక్కుంటారు. మీలో ఇద్దరు కెఫెటీరియాలో పని చేసి చదువుకుంటున్నారని నువ్వే చెప్పావుగా. సమావేశం వాళ్ళ షిఫ్టు అయ్యాక పెట్టండి.

చిత్తుప్రతిలో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి స్కాన్ చేసి పంపుతున్నాను. ఎంపిక, కొత్త సభ్యులు, వెళ్ళిపోవడం, చందా, ఈ నాలుగు పేరాలు మీరందరూ కూర్చుని మళ్ళీ రాయండి. నువ్వొక్కదానివే రాసేయకు, మిగతా ఏడుగురూ అడ్డం తిరిగితే తిరగనీ, వాదించుకోండి. ఆఫీసులో ఇచ్చే ముందు శనివారం లోపు నాకు పంపితే ఆదివారం కూర్చుని చూస్తాను. సంఘం పేరుకి గ్రీకు అక్షరాలు ఖాయం చేసే ముందు ఇంకెవరైనా వాడుతున్నారేమో వెతకండి, బ్యానర్లు తర్వాత కొట్టించొచ్చు. నాన్న అడుగుతున్నారు, ప్రారంభోత్సవానికి తల్లిదండ్రులు రావచ్చా అని. రావచ్చంటే టికెట్లు ఇప్పుడే చూస్తారు.

అమ్మ