కూలీలు పోతే మర దానంతటదే రాదు

సంపాదకుల గారికి,

వలస కూలీలను ఆపేస్తే రైతు చచ్చినట్టు మర కొంటాడని, స్థానికుల కూలి పెరుగుతుందని వాదించేవాళ్లు కాలిఫోర్నియా టమాటాను సాక్ష్యం తెస్తారు. అది సగం నిజమే.

1942 నాటి బ్రసేరో ఒప్పందం కింద మెక్సికో కూలీల రాకను అమెరికా 1964 ఆఖరుతో ఆపేసింది. అప్పటిదాకా మర కోత నామమాత్రం. 1970 నాటికి ఫ్యాక్టరీకి వెళ్లే టమాటా దాదాపు అంతా మర కోతే. కానీ అక్కడి డేవిస్ విశ్వవిద్యాలయంలో జాక్ హన్నా అనే శాస్త్రవేత్త ఆ మరకు తగ్గ వంగడం కోసం 1940ల నుంచే పనిచేస్తూ వచ్చారు.

మర మొక్కను నేలమట్టంగా కోసి, పైకెత్తి, కాయలు రాలేలా కుదుపుతుంది. రెండో కోత ఉండదు. కాబట్టి కాయలన్నీ ఒకేసారి పండాలి, బెల్టు మీద పడితే తొక్క చిట్లకూడదు, కుదిపితేనే తొడిమ ఊడాలి. మామూలు రకాన్ని ఈ మరలో వేస్తే వచ్చేది సగం పచ్చికాయ, సగం గుజ్జు. కోతకు ముందు తడులు ఆపకపోతే మట్టిపెళ్లలూ ఎక్కుతాయి. ఇవన్నీ ఏరడానికి తొలి మరల మీదే పదిమందికి పైగా నిలబడేవారు (కూలీ అక్కర్లేదన్న మర మీదే!). రంగును బట్టి వేరుచేసే ఎలక్ట్రానిక్ పరికరం 1970లలో వచ్చాకే వాళ్లలో చాలామంది దిగిపోయారు.

ఖర్చు లెక్క ఇంకోటి. మర ధర 2 లక్షల డాలర్లు, ఆయుష్షు పదేళ్లు అనుకుందాం. వడ్డీ, మరమ్మతులు వదిలేసినా ఏడాదికి 20 వేలు. 500 ఎకరాల వాడికి ఎకరాకు 40 పడితే, 100 ఎకరాల వాడికి 200. అక్కడ టమాటా రైతులు దాదాపు 4,000 నుంచి 600కు పడిపోయారంటే ఆశ్చర్యమేముంది?

మరి కూలి పెరిగిందా? బ్రసేరోలు (ఆ ఒప్పందం కింద వచ్చిన కూలీలు) ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో, అసలు లేని రాష్ట్రాల్లో కంటే కూలి వేగంగా పెరగలేదని 2018లో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలతో చూపారు. మర ఉన్నచోట రైతు మరకు మళ్లాడు, లేనిచోట సాగు తగ్గించుకున్నాడు.

స్ట్రాబెర్రీ సంగతి చూడండి. ఒకే మొక్క మీద పువ్వు, తెల్లకాయ, పండు కలిసి ఉంటాయి. కొన్ని రోజులకోసారి అదే మొక్క దగ్గరికి వచ్చి పండును మాత్రమే నలగకుండా తెంపాలి. కుదిపే మరకు అది చేతకాదు. ఆ పొలాల్లో ఇప్పటికీ ఎక్కువగా మనుషులే వంగి ఏరుతున్నారు.

– ఒక పాఠకుడు