చప్పట్లు పడితే నాట్యం వచ్చినట్టేనా?

సంపాదకుడి గారికి,

కడపలో మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది. ఏడాదికోసారి స్టేజీ ఎక్కిస్తారు, చప్పట్లు పడితే బాగా వచ్చినట్టే లెక్క. అదేం పరీక్షండీ? నాట్యం గురించిన పాత గ్రంథం అభినయ దర్పణంలోని 28 అసంయుత హస్తాలు (ఒంటి చేత్తో పట్టే ముద్రలు) గడగడా అప్పచెప్పే పిల్లకి కూడా వాటిలో పతాకం అనే ముద్ర ఎప్పుడు మేఘమో, ఎప్పుడు నదో తెలియకపోవచ్చు. అడుగు విలంబ, మధ్య, ద్రుత కాలాల్లో (నెమ్మదిగా, మధ్యస్థంగా, వేగంగా) తాళం తప్పకుండా పడుతోందా, అరమండి (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టుండే భంగిమ) చివరిదాకా నిలుస్తోందా, తప్పు పోతే తనే పట్టుకుంటోందా, చూడాల్సింది ఇవి. ఒకే జతిని (తాళానికి కట్టిన అడుగుల వరుసని) మూణ్ణెల్లకోసారి ఫోన్‌లో వీడియో తీసి, పాతదాని పక్కన పెట్టి పిల్లకే చూపించండి, పైసా ఖర్చు లేదు. ర్యాంకులు మాత్రం వద్దు, రేపు ఇంటర్‌లో ఆ టెన్షన్ ఎలాగూ ఉంటుంది. షీల్డులకి పెట్టే డబ్బుతో మృదంగం ఆయన్ని పిలిపిస్తే, రికార్డు పాటకి కాకుండా ఎదురుగా వాయించే తాళానికి ఎవరు ఆడగలరో కూడా తేలుతుంది.

– ఒక తల్లి, కడప