జైలు నుంచి వచ్చేవాడిని నేరుగా ఆస్పత్రికి పంపండి

సంపాదకుడి గారికి,

గాజువాకలో మిషన్ కుట్టుకుని బతికేదాన్ని. మా చిన్నోడు ఇంటర్‌లో గంజాయికి అలవాటు పడ్డాడు. మొదట పోపుల డబ్బాలో డబ్బులు పోయాయి. తర్వాత మిషన్ మోటారు పోయింది. ఆఖరికి పక్క వీధిలో బైకు ఎత్తుకెళ్లి దొరికిపోయాడు. బైకు పోయినాయనకు నేను నెలనెలా డబ్బు కడుతున్నా, అది న్యాయమే. కానీ జైలు నుంచి వచ్చిన మూడో రోజే పాత స్నేహితులు గుమ్మంలో నిలబడ్డారు. వాడికి రాత్రిళ్లు నిద్ర లేదు, అన్నం సయించదు.

మత్తుమందుల కేసులకు సంబంధించిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. కొద్దిపాటి మత్తుమందుతో దొరికి దోషిగా తేలిన వ్యసనపరుణ్ని, అతను ఒప్పుకుంటే, జైలుకు బదులు కోర్టు చికిత్సకు పంపవచ్చు. దొంగతనం కేసుకు అది వర్తించదు, తెలుసు. అయితే మత్తు కోసం దొంగైనవాడికీ వైద్యం కావాలి కదా! విడుదల రోజే మత్తు మాన్పించే డీఅడిక్షన్ సెంటర్‌లో అప్పగించే ఏర్పాటు పెట్టండి. మత్తు మానడానికి సాయం చేసే 14446 హెల్ప్‌లైన్ నంబరు జైలు ములాఖత్ గదిలో పెద్ద అక్షరాలతో రాయించండి. నాలాంటి తల్లులు గంటలకొద్దీ కూర్చునేది అక్కడే.

– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం